ఒక్కరికి అందని టెండరు

సెన్సర్లు బిగించేవాళ్లు గుంటూరులో ఉన్నారు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు మంగళగిరిలో ఉన్నారు. కెమెరాలు, నెట్‌వర్కులు చూసుకునేవాళ్లు ఒంగోలులో ఉన్నారు. పెద్ద పని వస్తే మాత్రం ఎవరికి వారు చిన్నవాళ్లే. ముగ్గురూ కలిసి బిడ్ వేసే దారి చట్టంలో ఉంది. ఆ దారిలో గుంతలు ఎక్కడున్నాయో చూద్దాం.

మార్చి, ఏప్రిల్ నెలల్లో గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిన సరుకంతా అమ్ముడుపోదు. ధర నచ్చని రైతు, ముందు ముందు పెరుగుతుందని లెక్క వేసుకున్న వ్యాపారి టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీకి తోలేస్తారు. లోపల చాంబర్లో అరల మీద అరలుగా గోనె సంచులు. గుమ్మం దగ్గర చలిని చూపించే మీటరు, పక్కన మేకుకు వేలాడే రిజిస్టరు. ఆపరేటరు వేళకు వచ్చి మీటరు చూసి అంకె రాసి పోవాలి. రాత్రి రెండింటికి చూశాడో, పొద్దున లేచి రాత్రి గడిని కూడా కలిపి నింపాడో ఆ కాగితం చెప్పదు.

ఆ అంకె వెనక చాలా డబ్బుంది. చలి తప్పితే కాయ రంగు పోతుంది. తేమ పెరిగితే బూజు, బూజు వెంట అఫ్లటాక్సిన్. యూరప్ నిబంధనల ప్రకారం మిరపలో బీ1 రకం అఫ్లటాక్సిన్ కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. దాటితే ఓడెక్కిన కంటెయినర్ కూడా వెనక్కి రావచ్చు. ఇటు చూస్తే, స్టోరేజీ ఇచ్చిన బాండు పెట్టుకునే బ్యాంకు రైతుకు అప్పిస్తుంది. సంచిలో ఉన్న సరుకు బాండులో రాసినట్టే ఉందన్న నమ్మకం మీద ఆ అప్పు నిలబడి ఉంటుంది.

ఇప్పుడు ఒక పని ఊహించుకోండి. ఇలాంటి యాభై స్టోరేజీల్లో ప్రతి చాంబరుకూ సెన్సర్లు పెట్టాలి. అంకెలు రిజిస్టరుకు కాకుండా నేరుగా సర్వరుకు చేరాలి. చలి తప్పిన నిమిషంలో యజమాని ఫోన్ మోగాలి. బాండు నంబరు కొడితే బ్యాంకు మేనేజరుకు సరుకు వివరం కనపడాలి. మొత్తం అంచనా 2 కోట్లు. దీనికి మూడు రకాల పనివాళ్లు కావాలి: కంప్రెసర్ల ప్యానెళ్లు తెలిసినవాడు, సాఫ్ట్‌వేర్ రాసేవాడు, నెట్‌వర్కు చూసుకుంటూ మూడేళ్లపాటు ఫోన్ చేసిన రోజే వచ్చి బాగుచేసేవాడు. ముగ్గురూ గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఉన్న ఈ నేల మీదే దొరుకుతారు. కాని టెండరు కాగితం వాళ్లలో ఏ ఒక్కరినీ గుమ్మం దాటనివ్వదు.

అర్హతల పేజీ

టెండరు పత్రం ఎంత లావుగా ఉన్నా, చిన్న సంస్థ తలరాత తేలేది ఒకటే పేజీలో. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో ఇచ్చిన సూచనలే చాలా శాఖలకు ఇప్పటికీ కొలబద్ద. పనుల టెండర్లకు ఇచ్చిన ఆ సూచనల ప్రకారం మూడేళ్ల సగటు టర్నోవర్ అంచనా విలువలో కనీసం 30 శాతం ఉండాలి. అదే తరహా పనులు గతంలో చేసి ఉండాలి. 40 శాతం విలువ చేసేవి మూడో, 50 శాతంవి రెండో, 80 శాతం చేసేది ఒకటో.

మన 2 కోట్ల పనికి లెక్క కట్టండి. 60 లక్షల టర్నోవర్ ఎలాగోలా చూపించొచ్చు. 1.6 కోట్ల పని ఒకటి, లేదా కోటి చొప్పున రెండు, లేదా 80 లక్షల చొప్పున మూడు చేసినట్టు సర్టిఫికెట్లు ఎక్కడి నుంచి తేవాలి? పదేసి లక్షల పనులు ఇరవై చేసినా లెక్కలోకి రావు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

అప్పుడేమవుతుంది? సర్టిఫికెట్లున్న కంపెనీ ఎక్కడి నుంచో వచ్చి బిడ్ గెలుస్తుంది. గెలిచాక ఇక్కడి కుర్రాళ్లకే ఫోన్ చేసి పనిని సబ్ కాంట్రాక్టుకు ఇస్తుంది. చేసిన చెయ్యి ఒకటి, అనుభవం సర్టిఫికెట్ మీద పడే పేరు ఇంకొకటి. మరుసటి టెండరుకు కూడా ఇక్కడివాడు మళ్లీ అనుభవం లేనివాడే. డబ్బులో కోత కంటే ఈ పేరు పోవడమే పెద్ద నష్టమని నా లెక్క.

హైదరాబాద్ ఫోన్ డైరెక్టరీ చెప్పిన తీర్పు

కలిసి వచ్చిన వాళ్ల అనుభవాన్ని కలిపి చూడాలా, వద్దా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది మన హైదరాబాద్ టెలిఫోన్ డైరెక్టరీ పుణ్యాన. సెల్‌ఫోన్లు లేని రోజులు. 1993లో టెలికం శాఖ హైదరాబాద్ డైరెక్టరీ అచ్చు వేసి ఇవ్వడానికి టెండరు పిలిచింది. గెలిచినవాళ్లు శాఖకే రాయల్టీ కట్టాలి. న్యూ హొరైజన్స్ అనే ఉమ్మడి సంస్థ 459.90 లక్షల రూపాయలు కడతానంది. పోటీదారు ఇవ్వజూపింది 95 లక్షలు. అయినా న్యూ హొరైజన్స్‌ను పక్కన పెట్టేశారు. ఆ కంపెనీకి సొంత పేరు మీద డైరెక్టరీలు వేసిన అనుభవం లేదన్నది కారణం. దాని వెనక ఉన్న భాగస్వాములకు అచ్చు పనిలో, డైరెక్టరీల పనిలో కావలసినంత అనుభవం ఉంది.

1994 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఉమ్మడి సంస్థను తూచేటప్పుడు తెర తీసి వెనక ఉన్నవాళ్ల అనుభవాన్ని కూడా చూడాలని, వ్యాపారం తెలిసినవాడు అలాగే చూస్తాడని తేల్చింది. కోర్టుకెక్కినవాళ్లు చిన్నవాళ్లేమీ కాదు. థామ్సన్ ప్రెస్ లాంటి పెద్ద పేర్లే ఆ సంస్థ వెనక ఉన్నాయి. ఆ తీర్పు నీడ మాత్రం చిన్నవాళ్లకూ పనికొస్తుంది. అయితే ఇలా కలిసి వచ్చే కూటములను, అంటే కన్సార్షియంలను, అనుమతించబోమని పత్రంలోనే స్పష్టంగా రాసేస్తే, ఈ తీర్పు పట్టుకుని పోరాడటం కష్టం. షరతులు రాసుకునే స్వేచ్ఛ కొనేవాడిదేనని కోర్టులు అనేకసార్లు చెప్పాయి. కాబట్టి గొడవ పడాల్సింది బిడ్లు తెరిచాక కాదు, పత్రం బయటకు వచ్చిన వారంలోనే.

సిండికేట్ వేరు

మన దగ్గర నలుగురు కలిసి టెండరు వేశారంటే ముందు గుర్తొచ్చే మాట సిండికేట్. మద్యం షాపుల వేలాల దగ్గర్నుంచి రోడ్ల పనుల దాకా ఆ మాటకు ఉన్న చరిత్ర అలాంటిది. ‘రింగయ్యారు’ అంటే చాలు, అర్థం అడిగేవాడు ఉండడు. అందుకే ఈ గీత స్పష్టంగా గీసుకోవాలి. సిండికేట్‌లో నలుగురు నాలుగు బిడ్లు వేస్తారు, గెలిచేవాడెవడో లోపల ముందే మాట్లాడుకుంటారు. కన్సార్షియంలో నలుగురూ కలిసి ఒకే బిడ్ వేస్తారు, నలుగురి పేర్లూ మొదటి పేజీలోనే ఉంటాయి. 2002 నాటి కాంపిటిషన్ చట్టం మూడో సెక్షన్ మొదటి రకాన్ని నేరుగా నిషేధించింది. సామర్థ్యాన్ని పెంచే ఉమ్మడి వ్యాపారాలకు అదే సెక్షన్ మినహాయింపు ఇచ్చింది.

ఒక జాగ్రత్త. ముగ్గురూ ఒకే సరుకు అమ్మేవాళ్లయితే కలవడానికి కారణం చూపించడం కష్టం, అనుమానం తేలిక. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉన్నప్పుడే కూటమికి అర్థం. ఒకే సరుకు చేసేవాళ్లు కలవాలంటే వాళ్లకు వేరే దారి ఉంది. 1955లో పుట్టిన జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ, ఎన్ఎస్ఐసీ, ఒకే రకం వస్తువు చేసే చిన్న యూనిట్లను కన్సార్షియంగా కట్టి, వాళ్ల తరఫున తానే టెండరు వేసి, వచ్చిన ఆర్డరును శక్తిని బట్టి పంచే పథకం నడుపుతోంది.

వాటా కాదు, వేళ

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. చిన్న సంస్థల కూటములు చెడేది సాంకేతికత దగ్గర కాదు, బిల్లు దగ్గర. దీన్ని కాస్త విప్పి చూడాలి.

మన ముగ్గురికీ 2 కోట్ల పని వచ్చిందనుకుందాం. సెన్సర్లు, ప్యానెళ్లవాడికి 50 శాతం, సాఫ్ట్‌వేర్‌కు 30, సర్వీసుకు 20 అని రాసుకున్నారు. చూడటానికి న్యాయంగానే ఉంది. పని మొదలవుతుంది. ముందుగా 5 శాతం పెర్ఫార్మెన్స్ గ్యారంటీ, అంటే 10 లక్షలు. బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలంటే మార్జిన్ డబ్బు అడుగుతుంది. ఎవరి ఖాతాలోంచి? ఆ తర్వాత సెన్సర్లు కొనాలి. అమ్మేవాడు డబ్బు చేతిలో పడితే గానీ పెట్టె విప్పడు. సాఫ్ట్‌వేర్ వాడికి నెలనెలా జీతాలు తప్ప పెద్ద ఖర్చు లేదు. సర్వీసు వాడికి మొదటి ఏడాది పెట్టుబడే లేదు, కాని అతని ఆదాయం మూడేళ్లపాటు కొద్దికొద్దిగా వస్తుంది. మొదటి బిల్లు వచ్చేసరికి సరుకు కొన్నవాడు అప్పుల్లో ఉంటాడు, మిగిలిన ఇద్దరికీ ఆ సెగ తెలియదు. బిల్లు వచ్చిన రోజు ‘30 శాతం నాది’ అని సాఫ్ట్‌వేర్ వాడు చెయ్యి చాపితే అక్కడే ముసలం పుడుతుంది.

అందుకే ఒప్పందంలో ఎవరికెంత అన్నదాని కంటే ఎవరికెప్పుడు అన్నది ముందు రాయాలి. మొదటి బిల్లులోంచి సరుకు ఖర్చు ముందు తీర్చాలని, ఆ తర్వాతే పంపకమని కాగితం మీద ఉండాలి. డబ్బు కూటమికి ముందుండే లీడ్ మెంబరు సొంత ఖాతాలో కాకుండా ఎస్క్రో ఖాతాలో పడి, రాసుకున్న ప్రకారం దానంతటదే విడిపోవాలి. గ్యారంటీ మార్జిన్‌ను వాటాల ప్రకారం మన లెక్కలో 5, 3, 2 నిష్పత్తిలో పంచుకోవచ్చు. ఈ పేజీ రాయడానికి ఒక చార్టర్డ్ అకౌంటెంటు, ఒక లాయరు ఒక పూట కూర్చుంటే చాలు. ఆ ఫీజుకు వెనకాడి ‘మనలో మనకేంటి’ అనుకున్నవాళ్లే తర్వాత కోర్టుల చుట్టూ తిరుగుతారు.

ఇంకో మెలిక పన్నుది. ముగ్గురు కలిసి లాభం పంచుకుంటే ఆదాయపన్ను శాఖ వాళ్లను ఒకే ‘వ్యక్తుల కూటమి’గా లెక్కగట్టి పన్ను వేయొచ్చు. ఇంజినీరింగ్, సరఫరా, నిర్మాణం కలిసిన టర్న్‌కీ కాంట్రాక్టుల కన్సార్షియంల విషయంలో 2016 మార్చిలో ప్రత్యక్ష పన్నుల బోర్డు 7వ నంబరు సర్క్యులర్ ఇచ్చి ఆ భయం తీర్చింది. ఎవరి పని వారికి విడిగా ఉండాలి, ఎవరి ఖర్చు, లాభనష్టాలు వారివే కావాలి, మనుషులూ సామగ్రీ ఎవరి అదుపులో వారివే ఉండాలి. ఉమ్మడి యాజమాన్యం కేవలం సమన్వయానికే పరిమితం కావాలి. మన ముగ్గురూ ఈ గీత మీదే ఒప్పందం రాసుకోవడం మేలు. తమ పని ఆ సర్క్యులర్ పరిధిలోకి వస్తుందో లేదో కూడా ఆ పూటే అకౌంటెంటును అడగాలి.

బాధ్యత సంగతి మాత్రం ఇంత సులువు కాదు. చాలా టెండర్లు ‘ఉమ్మడిగానూ, విడివిడిగానూ’ బాధ్యత వహించాలని అడుగుతాయి. అంటే సాఫ్ట్‌వేర్ వాడు చేతులెత్తేస్తే ప్యానెళ్లవాడు కూడా బ్లాక్‌లిస్టులో పడొచ్చు. అవతలి మనిషి ఎలాంటివాడో తెలియకుండా సంతకం పెట్టకూడని చోటు ఇది. కలిసి చిన్న పని ఒకటి చేసి చూశాకే పెద్దదానికి చేతులు కలపాలని చెప్పేది అందుకే.

ఇంటి ముందే కొనేవాళ్లు

గుంటూరు, ప్రకాశం జిల్లాలు 2022 ఏప్రిల్‌లో విడిపోయి పల్నాడు, బాపట్ల వచ్చినా, ఈ పత్తి, మిర్చి నేల ఒక్కటే. ఈ నేల మీద సాంకేతికత కొనే సంస్థలకు కొదవ లేదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది, ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో ఎలక్ట్రానిక్ వేలం నడుస్తోంది. కాటన్ కార్పొరేషన్ పత్తి కొనేటప్పుడు తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉందో లేదో చూస్తుంది. 2025లో రైతులు ముందుగా పేరు నమోదు చేసుకునేందుకు ‘కపాస్ కిసాన్’ యాప్ తెచ్చింది. ఎడ్లపాడు దగ్గర స్పైసెస్ బోర్డు పార్కు ఉంది. లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చి పెట్టాక, పురుగును ముందే పసిగట్టే పరికరాలకు, డ్రోన్లకు గిరాకీ రుజువు చేయాల్సిన అవసరమే లేదు.

వీటిలో కేంద్ర సంస్థలకు ఒక కట్టుబాటు ఉంది. 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకారం ఏటా కొనే దాంట్లో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలి. మొదట 20 శాతమే ఉండేది, 2018లో పెంచారు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు. చిన్న సంస్థల నమోదు పోర్టల్ ఉద్యమ్‌లో నమోదైతే ధరావతు సొమ్ము కట్టక్కర్లేదు. కేంద్ర కొనుగోళ్ల నిబంధనలు చిన్న సంస్థలకు, స్టార్టప్‌లకు పాత అనుభవం, టర్నోవర్ షరతులను సడలించవచ్చని చెప్పాయి. ‘సడలించాలి’ అనలేదు, ‘సడలించవచ్చు’ అన్నాయి. ఆ తేడాలోనే చాలా బిడ్లు మునుగుతాయి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఉద్యమ్ నమోదు ఒక్కో సంస్థకే గానీ, టెండరు కోసం కట్టిన కూటమికి ఉండదు. ముగ్గురూ చిన్నవాళ్లే అయినా, కలిసి వచ్చేసరికి ఆ రాయితీలు వర్తిస్తాయా అన్నది ఆ టెండరు రాసిన అధికారి చేతిలో పడుతుంది. అమెరికాలో ఈ ముడిని ముందే విప్పేశారు. చిన్న సంస్థలు కలిసి జాయింట్ వెంచర్ కడితే, అందులో ప్రతి ఒక్కటీ విడిగా చిన్న పరిమితిలో ఉన్నంత వరకు కూటమి మొత్తం చిన్న సంస్థే. కూటమికి మొదటి పని దక్కిన నాటి నుంచి రెండేళ్లపాటు కొత్త టెండర్లు వేసుకోవచ్చు. ఇటలీ 2009లో ‘నెట్‌వర్క్ ఒప్పందం’ అని ఒక చట్టమే తెచ్చింది. ఎవరి కంపెనీ వారిదే, పేర్లు చెరిగిపోవు, ఉమ్మడి కార్యక్రమం మాత్రం ఒకటి రాసుకుంటారు. ఐరోపా కూటమి 2014లో ఇంకో మెట్టు ఎక్కి, పెద్ద టెండరును ముక్కలు చేయకపోతే ఎందుకు చేయలేదో కారణం రాయాలని కొనేవాళ్లకే చెప్పింది. మన శాఖలకు ఇది చేదుగా ఉంటుంది. ఒక్కడితో మాట్లాడితే పోయేదానికి నలుగురితో ఎందుకన్నదే వాళ్ల ధోరణి.

తెలుగువాళ్లు కలిసిన చోట్లు

అమెరికాలో ఐటీ సేవలందించే చిన్న, మధ్య తరహా కంపెనీలు 2010లో ‘ఐటీ సర్వ్ అలయన్స్’గా ఏర్పడ్డాయి. సభ్యుల్లో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఉద్యోగిని మరో కంపెనీ ఆవరణలో పనికి పంపితే హెచ్-1బీ వీసా ఇవ్వడానికి అక్కడి వలస విభాగం రకరకాల కొత్త కాగితాలు అడుగుతుంటే, ఈ సంఘం కోర్టుకెళ్లి 2020 మార్చిలో గెలిచింది. ఒక్క కంపెనీ అయితే లాయరు ఫీజుకే బెదిరిపోయేది. ఇది కాంట్రాక్టు గెలిచిన కథ కాదు. కాని పోటీ పడేవాళ్లే ఒక కాగితం మీద సంతకాలు పెట్టగలరని చూపిన కథ.

కాంట్రాక్టు కథ కావాలంటే హైదరాబాద్‌కు రావాలి. 1991లో మొదలైన కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్ కొంకణ్ రైల్వేతో కలిసి రైళ్లు ఢీకొనకుండా ఆపే పరికరం మీద పనిచేసింది. తర్వాత అదే పని చేసే రైల్వే భద్రతా వ్యవస్థ కవచ్ తయారీలో హైదరాబాద్‌కే చెందిన మేధా, హెచ్‌బీఎల్‌లతో పాటు నిలిచింది. వందల కిలోమీటర్ల లైను మీద టవర్లు, తీగలు, స్టేషన్ల పనికి ఆ స్థాయి కంపెనీ ఒంటరిగా చాలదు. అందుకే టవర్లు, రైల్వే పనుల్లో ఆరితేరిన కెఈసీ ఇంటర్నేషనల్‌తో కన్సార్షియం కట్టి కవచ్ ఆర్డర్లు తెచ్చుకుంది. పరికరం తెలిసినవాడు ఒకడు, లైను మీద పని తెలిసినవాడు ఇంకొకడు. మన కోల్డ్ స్టోరేజీ కూటమికి నమూనా ఇదే. అక్కడ ఒకరు బాగా పెద్దవారన్నది తేడా. పెద్దవాడి పక్కన నిలబడేటప్పుడు మన దగ్గరున్న సాంకేతికత మన పేరు మీదే ఉండాలి, అది లేకపోతే మళ్లీ సబ్ కాంట్రాక్టే.

ఇక గుంటూరు జిల్లాకే వస్తే, వడ్లమూడి సంగం డెయిరీ ఉండనే ఉంది. రెండు గేదెలున్న రైతు పాలు పెద్ద మార్కెట్‌కు చేరే దారిని 1970ల్లో వేశారు. సహకార సంఘంగా మొదలై, 2013లో ప్రొడ్యూసర్ కంపెనీ అయింది. ఆ చట్టరూపం పాడి రైతుకు, మిర్చి రైతుకు దొరుకుతుంది, సాఫ్ట్‌వేర్ రాసేవాడికి దొరకదు. ఎందుకంటే ప్రొడ్యూసర్ కంపెనీలో సభ్యులు ప్రాథమిక ఉత్పత్తిదారులై ఉండాలి. టెక్ సంస్థలకు మిగిలింది పరిమిత బాధ్యత భాగస్వామ్యం (ఎల్‌ఎల్‌పీ) కట్టుకోవడమో, ఒక్కో టెండరుకు ఒక్కో కన్సార్షియం ఒప్పందం రాసుకోవడమో. ఒకటి రెండు పనులకైతే రెండోదే మేలు.

ఎవరు కలపాలి?

2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ తెరిచారు. అంతకు ముందు ఏడాది అక్టోబరులో అమరావతి డ్రోన్ సమ్మిట్ జరిగింది, కృష్ణ ఒడ్డున 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి. బాగుంది. కాని హబ్‌లు కొత్త ఆలోచనలకు పోటీలు పెట్టినంత శ్రద్ధగా, టెండరు పత్రం ఎలా చదవాలో, ఎస్క్రో ఖాతా ఎలా తెరవాలో నేర్పితేనే ఈ చిన్న సంస్థలకు అన్నం పెట్టినట్టు. ఈ-ప్రొక్యూర్‌మెంట్‌ను దేశంలో ముందుగా, 2003లోనే మొదలుపెట్టిన రాష్ట్రాల్లో మనది ఒకటి. టెండరు పెట్టెల దగ్గర రౌడీయిజాన్ని తగ్గించిన ఆ మార్పు తెచ్చినవాళ్లకు, పత్రంలో ఒక వాక్యం చేర్చడం కష్టం కాదు: ‘ముగ్గురి వరకు సభ్యులున్న కన్సార్షియంలకు అనుమతి ఉంది, సభ్యుల టర్నోవర్, అనుభవం కలిపి లెక్కిస్తాం, సభ్యులందరూ చిన్న సంస్థలైతే కూటమినీ చిన్న సంస్థగానే చూస్తాం.’ పని పూర్తయ్యాక ఎవరు ఏ భాగం చేశారో సర్టిఫికెట్‌లో విడిగా రాసి ఇవ్వాలి. అలా రాస్తే మరుసటిసారి ముగ్గురికీ ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే.

ఆ వాక్యం దానంతటది రాదు. ఈసారి మీ పనికి తగ్గ టెండరు కనపడితే, మీకు అర్హత లేదని పక్కన పడేయకండి. ప్రీ-బిడ్ సమావేశం తేదీ చూడండి. మీ ఇద్దరు భాగస్వాములతో కలిసి వెళ్లండి, కన్సార్షియంను అనుమతిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. అడిగిన ప్రశ్నలూ వాటి జవాబులూ పోటీదారులందరికీ తెలిసేలా బయట పెట్టడం ఆనవాయితీ. ‘లేదు’ అన్నా సరే, ఆ ‘లేదు’ కాగితం మీదకు రానివ్వండి. పది టెండర్లలో ఇదే ప్రశ్న పదే పదే వస్తే, పదకొండో పత్రం రాసే అధికారి ఆ పేజీ దగ్గర కాసేపు ఆగుతాడు.